మామగారి టెలిస్కోప్‌తో మొదలై.. సూర్యుడి మీద శుక్రుడిని చూసిన నర్సింగరావు! ఏవీఎన్ కాలేజీ పేరు వెనుక కథ ఇదీ

సుల్తానాబాద్: పిల్లాడు పట్టుబట్టాడని టెలిస్కోప్ కొంటారు. మొదటి వారం ఇంటిల్లిపాదీ డాబా ఎక్కుతారు. చంద్రుడి మీద గుంతలు కనిపిస్తాయి, అందరూ అబ్బో అంటారు. రెండో వారం శనిగ్రహం దొరకదు. మూడో వారం మబ్బులు. నెల తిరిగేసరికి ట్రైపాడ్ ఓ మూల, గొట్టం అటక మీద. తొలి టెలిస్కోప్ కొన్న చాలా ఇళ్లలో జరిగేది ఇదే.

సరిగ్గా ఇలాంటి సైజు టెలిస్కోపే 1856లో విశాఖపట్నంలో 29 ఏళ్ల ఓ అల్లుడి చేతికి వచ్చింది. ఆయన దాన్ని అటకెక్కించలేదు. చనిపోయేదాకా, అంటే 36 ఏళ్ల పాటు వేధశాలను నడిపించాడు. లండన్ శాస్త్రవేత్తలు ఆయన లెక్కలను తమ పత్రికలో అచ్చు వేసుకున్నారు. ఆయన పేరు అంకితం వెంకట నర్సింగరావు. ఈ పేరు విని ఎవరా అనుకునేవాళ్లు కూడా ఇంటి పేరు, అసలు పేరు కలిపి మూడు ఇంగ్లిష్ అక్షరాలు చెబితే టక్కున గుర్తుపడతారు. ఏ, వీ, ఎన్. విశాఖలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీలో ఉన్న ఏవీఎన్ ఈయనే.

ఇంతకీ ఎవరీ నర్సింగరావు?

నర్సింగరావు 1827లో పుట్టాడు. ప్రభుత్వ ఉద్యోగం చేసిన మనిషి. శాస్త్రవేత్తగా జీతం తీసుకున్న మనిషి కాదు. ఆయన్ని ఆకాశం వైపు తిప్పింది పెళ్లి సంబంధమే అనాలి. విశాఖలో పేరున్న జమీందారీ కుటుంబం గోడే వారిది. ఆ ఇంటి గోడే వెంకట జగ్గారావు కూతురు అచ్చయ్యమ్మను నర్సింగరావు చేసుకున్నాడు. అలా వేధశాల ఉన్న ఇంటికి అల్లుడయ్యాడు.

పాత ఇంగ్లిష్ పత్రికల్లో ఈయన పేరు కోసం వెతికేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అప్పట్లో రావు అనే మాటను ఇంగ్లిష్‌లో రో అని చదివేలా రాసేవాళ్లు. జగ్గారావు అక్కడ జగ్గరో, నర్సింగరావు నర్సింగ్ రో. ఇంగ్లిష్‌లో ఆ పేరు చూసి ఎవరో దొర అనుకుని దాటేసే ప్రమాదం ఉంది. ఇద్దరూ పక్కా తెలుగువాళ్లు.

మామగారు వేసిన పునాది

అల్లుడి కథ అర్థం కావాలంటే మామ గురించి కొంత తెలియాలి. జగ్గారావు 1817లో పుట్టాడు. జమీందారీ ఇంట్లో పుట్టిన కుర్రాడు మద్రాసు వెళ్లి ఖగోళ శాస్త్రం నేర్చుకున్నాడు. అక్కడ ఈస్టిండియా కంపెనీ వేధశాల ఉండేది. దాని అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్. 11 వేలకు పైగా నక్షత్రాల స్థానాలతో మద్రాసు కేటలాగ్ తయారుచేసింది ఆయనే. అలాంటి గురువు దగ్గర జగ్గారావు లెక్కలు, పరికరాలు వాడటం నేర్చుకున్నాడు.

విశాఖకు తిరిగొచ్చి 1840లో సొంత డబ్బుతో ఇంటి దగ్గరే వేధశాల పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 23 ఏళ్లు. మనసు పడితే సరదాకి టెలిస్కోప్ కొనుక్కునే సంపన్నులు అప్పుడూ ఉన్నారు. జగ్గారావు అక్కడితో ఆగలేదు. టెలిస్కోప్‌తో పాటు నక్షత్రాలతో సమయం లెక్కగట్టే పరికరం పెట్టాడు. వానలు, వాతావరణం కొలిచే ఏర్పాటు చేశాడు. విశాఖ రేవుకు కాపలాగా నిలిచే డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా స్తంభం నిలబెట్టాడు. అది ఊరి వాళ్లకు, ఓడల వాళ్లకు సంకేతాలిచ్చే స్తంభం.

1856లో జగ్గారావు కన్నుమూశాడు. వయసు 39 ఏళ్లే. వేధశాల బాధ్యత అల్లుడి మీద పడింది.

ఆ టెలిస్కోప్ ఎంతది?

ఇక్కడే తొలి టెలిస్కోప్ కొనేవాళ్లకు పనికొచ్చే విషయం ఉంది. జగ్గారావు టెలిస్కోప్ ముందు అద్దం వెడల్పు 4.8 అంగుళాలు. మిల్లీమీటర్లలో చెప్పాలంటే దాదాపు 122. ఆ తర్వాత నర్సింగరావు కొత్తగా తెప్పించింది ఇంగ్లండ్‌లోని యార్క్ నగరానికి చెందిన కుక్ కంపెనీ టెలిస్కోప్. దాని వెడల్పు 6 అంగుళాలు, అంటే సుమారు 152 మిల్లీమీటర్లు.

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దుకాణాల్లో చూపించే సైజులు ఏంటో ఓసారి చూడండి. 114, 130, 150 మిల్లీమీటర్లు. అంటే విశాఖ వేధశాలలో ఉన్నంత అద్దమే ఇప్పుడు మధ్యతరగతి ఇంటి డాబా మీదికి వస్తోంది. తేడా ఒకటుంది. వాళ్లవి కటకంతో చేసిన పొడవాటి గొట్టాలు, బరువైన స్టాండ్లు. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి లోపల పుటాకార దర్పణం ఉన్న పొట్టి గొట్టాలు. కానీ వెలుతురును పట్టే వెడల్పు మాత్రం దాదాపు సమానం. మరి అదే సైజు అద్దంతో ఆయన పేరు లండన్ దాకా ఎలా వెళ్లింది?

ఆకాశం కంటే ముందు గడియారం

జవాబు టెలిస్కోప్‌లో లేదు, గడియారంలో ఉంది. ఆకాశంలో ఏదైనా చూశానని చెబితే సరిపోదు. ఎప్పుడు చూశారు, ఎక్కడి నుంచి చూశారు అనేది సెకన్లలో చెప్పగలిగితేనే అది శాస్త్రానికి పనికొస్తుంది. అప్పట్లో రేడియో లేదు, సెల్‌ఫోన్ లేదు. సరైన సమయం కావాలంటే నక్షత్రాలనే అడగాలి.

ఆ పని ఎలా చేసేవారంటే.. చిన్న టెలిస్కోప్‌ను రెండు రాతి దిమ్మెల మధ్య బిగిస్తారు. అది ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒకే గీత మీద పైకీ కిందికీ మాత్రమే తిరుగుతుంది. పక్కకు కదలదు. లోపల సన్నటి తీగలుంటాయి. తెలిసిన ఓ నక్షత్రం ఆ తీగను దాటే క్షణం కోసం కాచుకుని కూర్చుంటారు. అది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు దాటాలో పంచాంగంలో ముందే ఉంటుంది. దాటినప్పుడు గడియారం ఎంత చూపిస్తుందో చూసి తప్పును సరిదిద్దుతారు. కొన్ని రోజులు మానేస్తే గడియారం లెక్క తప్పిపోతుంది.

భారత ప్రామాణిక సమయం వచ్చింది 1906లో. అంతకుముందు ఏ ఊరి సమయం ఆ ఊరిదే. విశాఖ సమయం గ్రీన్‌విచ్ కంటే 5 గంటల 33 నిమిషాలు ముందు, మద్రాసు సమయం 5 గంటల 21 నిమిషాలు ముందు. రేవులో ఆగిన ఓడకు సరైన సమయం ప్రాణంతో సమానం. గడియారం తప్పితే సముద్రంలో తూర్పు పడమరల లెక్క తప్పుతుంది. నాలుగు సెకన్ల తేడా వస్తే భూమధ్యరేఖ దగ్గర దాదాపు రెండు కిలోమీటర్లు పక్కకు పోయినట్టే. అందుకే వేధశాల సమయం నర్సింగరావు ఇంటికే పరిమితం కాలేదు, ఊరికీ పనికొచ్చింది. మామ పెట్టిన ఈ అలవాటును అల్లుడు ఆపకుండా కొనసాగించాడు. వాన లెక్కలు, గాలి ఒత్తిడి, వేడి వివరాలు నమోదు చేయించాడు.

వినడానికి ఇది చప్పగా ఉంటుంది. తోకచుక్కలు, గ్రహణాలు ఉండగా గడియారం దిద్దుకుంటూ కూర్చోవడం ఏంటి అనిపిస్తుంది. కానీ 1874 డిసెంబర్‌లో ఆ చప్పటి పనే అక్కరకొచ్చింది.

1874 డిసెంబర్ 9.. సూర్యుడి మీద నల్లచుక్క

శుక్రుడంటే మన పల్లెల్లో వేగుచుక్క. తెల్లవారుజామున వెలిగే ఆ చుక్క చాలా అరుదుగా సరిగ్గా సూర్యుడికీ భూమికీ మధ్య నుంచి వెళ్తుంది. అప్పుడు మెరిసే చుక్క కాస్తా సూర్యబింబం మీద చిన్న నల్లటి మచ్చలా జరుగుతూ కనిపిస్తుంది. దాని వెడల్పు సూర్యబింబంలో దాదాపు ముప్పైరెండో వంతు. దీన్నే శుక్ర అధిక్రమణం అంటారు. ఎనిమిదేళ్ల తేడాతో రెండుసార్లు వస్తుంది, ఆ తర్వాత వందేళ్లకు పైగా రాదు. 1761, 1769ల తర్వాత మళ్లీ వచ్చింది 1874లోనే.

దీనికి అంత గిరాకీ ఎందుకంటే.. సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో తేల్చే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. బొటనవేలిని ముఖం ముందు పెట్టుకుని ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు గోడ మీద చోటు మారినట్టు కనిపిస్తుంది. అలాగే భూమ్మీద రెండు దూరపు ఊళ్ల నుంచి చూస్తే శుక్రుడు సూర్యుడి మీద కొద్ది తేడా గీతల్లో వెళ్తాడు. ఆ గీతల పొడవు తేడా వల్ల దాటడానికి పట్టే సమయం మారుతుంది. ఆ తేడా పట్టుకుంటే దూరం వచ్చేస్తుంది. ఈ ఉపాయాన్ని ప్రచారం చేసింది ఎడ్మండ్ హాలీ. తాను అప్పటిదాకా బతకనని తెలిసే తర్వాతి తరాలకు ఆ పని అప్పగించి పోయాడు.

1874లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా ప్రభుత్వాలు ప్రపంచం నలుమూలలకీ బృందాలను పంపాయి. ఓడల నిండా పరికరాలు వెళ్లాయి. మన దగ్గర మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి జనానికి అర్థమయ్యేలా దీని మీద పుస్తకమే వేశాడు. ఆయన కూడా 1867లో వెలుగు మారే ఓ నక్షత్రాన్ని కనిపెట్టిన ఘనుడు.

విశాఖలో నర్సింగరావు ఏ ప్రభుత్వ బృందం కోసమూ ఎదురుచూడలేదు. ఆయనకు వేధశాల సిద్ధంగా ఉంది. ఊరి అక్షాంశ రేఖాంశాలు ముందే తెలుసు. గడియారం నమ్మకమైనది. మామ కాలం నుంచి లెక్కేస్తే 34 ఏళ్ల తయారీ. డిసెంబర్ 9 ఉదయం సూర్యుడు పైకొచ్చాక శుక్రుడు బింబం అంచును తాకాడు. మొత్తం తతంగం నాలుగు గంటలకు పైనే సాగింది.

కష్టం ఎక్కడంటే.. శుక్రుడు అంచును వదిలి పూర్తిగా లోపలికి వచ్చే క్షణంలో నల్లచుక్క అంచుకు అతుక్కుని సాగినట్టు, నీటి బొట్టు జారబోతున్నట్టు కనిపిస్తుంది. ఎప్పుడు విడిపోయిందో చెప్పడం పెద్ద పరీక్ష. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు నిపుణులు కూడా వేర్వేరు సెకన్లు చెప్పేవాళ్లు. దేశాల బృందాల లెక్కలు కూడా పూర్తిగా కలవకపోవడానికి ఇదో పెద్ద కారణం. ఇవాళ మనకు తెలిసిన దూరం సుమారు 14.96 కోట్ల కిలోమీటర్లు. ఆ అంకె దగ్గరికి ప్రపంచాన్ని నెట్టిన వందల చేతుల్లో విశాఖ నుంచి ఒకటి ఉంది.

చూసింది రాశాడు, రాసింది పంపాడు

నర్సింగరావు ఇంకో పని కూడా చేశాడు. చూసినదాన్ని తన పుస్తకంలో దాచుకోలేదు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి రాసి పంపాడు. ఆ సంస్థ పత్రికలో ఆయన పరిశీలనలు అచ్చయ్యాయి. 1870ల తొలినాళ్లలోనే ఆ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. బుధుడు సూర్యుడి మీదుగా వెళ్లడం, గ్రహణాలు, తోకచుక్కలు.. వేధశాల పని ఇలా సాగుతూనే ఉంది.

అప్పట్లో ఉత్తరం సముద్రం మీదుగా లండన్ చేరడానికి వారాలు పట్టేది. మళ్లీ అచ్చయి తిరిగి రావడానికి నెలలు. పక్కన మెచ్చుకునేవాళ్లు లేరు, లైకులు లేవు. అయినా ఆయన ఆపలేదు. టెలిస్కోప్‌ను అటకెక్కకుండా కాపాడింది ఈ అలవాటే. చూసిన ప్రతిసారీ రాయాలి అనుకున్నవాడికి మళ్లీ చూడాల్సిన పని ఉంటుంది. ఊరికే చూసేవాడికి రెండో వారానికే చూడాల్సినవి అయిపోతాయి.

అప్పటి పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు. హీలియం అనే మూలకం కథ ఆ గ్రహణం దగ్గరే మొదలైంది. కానీ గ్రహణం కాగానే అలాంటి బృందాలు వెళ్లిపోయేవి. ఇక్కడే ఉండి, ఏడాది పొడవునా, వానాకాలం ఎండాకాలం అనకుండా లెక్క రాసే తెలుగు వ్యక్తి ఉండటం అరుదైన సంగతి.

ఆయన పోయాక ఏం జరిగింది?

1892లో నర్సింగరావు కన్నుమూశాడు. భార్య అచ్చయ్యమ్మ వేధశాలను వదిలేయలేదు, నడిపించింది. ఒక రకంగా ఆమె ముగ్గురి పనిని కలిపిన మనిషి. తండ్రి పెట్టాడు, భర్త నడిపాడు, ఆమె నిలబెట్టింది. విశాఖలోని కాలేజీకి ఈ కుటుంబం భారీ విరాళం ఇచ్చింది. అందుకే దాని పేరు మిసెస్ ఏవీఎన్ కాలేజీ. అందులో ఏవీఎన్ ఆయన, మిసెస్ అచ్చయ్యమ్మ.

ఆ కాలేజీలో గణితం, భౌతిక శాస్త్రం చెప్పడానికి వచ్చినవారిలో చంద్రశేఖర అయ్యర్ ఒకరు. ఆయన కొడుకు విశాఖలోనే చదువుకుని, ఇంటర్‌తో సమానమైన ఎఫ్ఏ ఇదే కాలేజీలో పూర్తి చేశాడు. ఆ కుర్రాడే సీవీ రామన్. 1930లో భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. వేధశాల డబ్బు, కాలేజీ డబ్బు ఒకే ఇంటి నుంచి వచ్చాయన్న సంగతి చాలామందికి తెలియదు.

నర్సింగరావు కొడుకు ఏవీ జగ్గారావు కూడా తాత పేరు పెట్టుకున్నట్టే తాత పని పట్టుకున్నాడు. ఆకాశాన్ని ఫొటోలు తీయడం వైపు వెళ్లాడు. ఆయన తరం తర్వాత ఆ పని సాగలేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలోనే వేధశాల మూతపడింది. మూడు తరాల పాటు సొంత డబ్బుతో నడిచిన వేధశాల చివరికి కాలేజీ బోర్డు మీద మూడు అక్షరాలుగా మిగిలింది. ఇంటి ఆస్తిగా నడిచే ఏ వేధశాలకైనా ఈ ముప్పు తప్పదు. వారసుల ఆసక్తి పోతే తలుపు పడిపోతుంది.

నిజాం రాజ్యంలో మరో దారి

అప్పటికి సుల్తానాబాద్ ఉన్నది నిజాం రాజ్యంలో. అక్కడ కూడా ఓ ప్రభువుకు టెలిస్కోప్ పిచ్చి పట్టింది. నవాబ్ జాఫర్ జంగ్ గ్రబ్ కంపెనీ తయారీ 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, 1901లో హైదరాబాద్‌లో వేధశాలకు శ్రీకారం చుట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. తన తర్వాత ప్రభుత్వమే దాన్ని చూసుకోవాలని ముందే కోరాడు.

1907లో జాఫర్ జంగ్ చనిపోయాడు. 1908లో ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి నిజామియా వెళ్లింది. ప్రపంచ దేశాలు కలిసి మొత్తం ఆకాశానికి ఫొటో పటం తయారుచేసిన మహా పనిలో హైదరాబాద్ కూడా వాటా తీసుకుంది. లక్షల నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. తమాషా ఏంటంటే ఆ పని చేసింది 15 అంగుళాల పెద్దది కాదు, 8 అంగుళాల ఫొటో టెలిస్కోప్. పెద్దది బేగంపేటలో పనికి సిద్ధమయ్యేసరికి 1922 వచ్చింది. కొన్నాయన పోయి అప్పటికి 15 ఏళ్లు.

విశాఖ, హైదరాబాద్.. రెండు చోట్లా తేలింది ఒకటే. అద్దం ఎంత పెద్దదన్నది తర్వాతి మాట. ఎవరు, ఎన్నాళ్లు దాని పక్కన కూర్చున్నారన్నదే లెక్క.

సుల్తానాబాద్ డాబా మీద అదే ఆకాశం

విశాఖ ఎక్కడ, పెద్దపల్లి జిల్లా ఎక్కడ అనుకోవచ్చు. నిజానికి విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు, సుల్తానాబాద్‌ది సుమారు 18.5. తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు. అంటే నర్సింగరావు తల మీద తిరిగిన నక్షత్రాలే సుల్తానాబాద్ తల మీదా తిరుగుతాయి. సముద్రపు తేమ ఇక్కడ లేదు. కాకపోతే నైరుతిలో కరీంనగర్ వెలుగు, ఈశాన్యంలో రామగుండం వెలుగు ఉంటాయి. రాజీవ్ రహదారి దీపాలకు, రైస్ మిల్లుల లైట్లకు కాస్త దూరంగా, ఏ పొలం గట్టుకో వెళ్తే చాలు.

కొనక ముందే మొదలుపెట్టొచ్చు. డాబా మీద ఒకే చోట కూర్చుని, పక్కింటి గోడ అంచునో కరెంటు స్తంభాన్నో గురి పెట్టుకోండి. ఓ మెరిసే నక్షత్రం దాని వెనక్కి ఎన్ని గంటలకు పోయిందో రాసుకోండి. మర్నాడు అదే చోట కూర్చుంటే దాదాపు నాలుగు నిమిషాలు ముందే పోతుంది. పది రోజులకు 40 నిమిషాలు, నెలకు రెండు గంటలు. జగ్గారావు ఇంట్లో రాతి దిమ్మెల మధ్య జరిగిన పని మూలం ఇదే. ఖర్చు ఒక నోట్‌బుక్, ఒక పెన్ను.

తర్వాత కొన్ని చుక్కలు గుర్తుపట్టండి. సప్తర్షులు, చలికాలంలో పల్లెటూళ్లలో పిల్లల కోడి అని పిలిచే కృత్తికలు, వాటి వెనకే వచ్చే మృగశిర. దారి తెలియకుండా టెలిస్కోప్ తిప్పితే చీకట్లో సూది వెతికినట్టే ఉంటుంది.

టెలిస్కోప్ కొనేటప్పుడు డబ్బా మీద 525 రెట్లు, 675 రెట్లు అని రాసి ఉంటే ఆశపడొద్దు. అంగుళం వెడల్పుకు మహా అయితే 50 రెట్లు. ఆ లెక్కన జగ్గారావు టెలిస్కోప్‌కే హద్దు 240 రెట్లు. మన గాలిలో చాలా రాత్రులు అందులో సగం దాటితేనే బొమ్మ వణుకుతుంది. చూడాల్సింది అద్దం వెడల్పు, ఊగని స్టాండ్. ఈ రెండూ సరిగా ఉంటే మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

తెచ్చిన రోజే చీకటి పడేదాకా ఆగొద్దు. పగలే దూరంగా ఉన్న సెల్‌టవర్ కొన మీదికి గురిపెట్టి, పక్కనుండే చిన్న గురి గొట్టాన్ని సరిచేసుకోండి. అటువైపు సూర్యుడు లేకుండా చూసుకోండి. ఎక్కువ మందికి రాత్రి ఏదీ దొరక్కపోవడానికి కారణం ఈ పని చేయకపోవడమే. మొదట తక్కువ రెట్లు చూపించే ఐపీస్ పెట్టండి. చంద్రుడిని పౌర్ణమి నాడు కాకుండా సప్తమి, అష్టమి రోజుల్లో చూడండి. వెలుగునీడలు కలిసే చోట గుంతలు లోతుగా కనిపిస్తాయి. గురు గ్రహం పక్కన నాలుగు చందమామలుంటాయి. 1610లో గెలీలియో చూసినవి అవే. గంటకోసారి వాటి చోటు గీసుకుంటే కదలిక మీకే తెలుస్తుంది. శని వలయాలు 50 రెట్ల దగ్గరే బయటపడతాయి. ఫొటోల్లో కనిపించే రంగులు మాత్రం కంటికి కనిపించవు. ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పాలి.

వానాకాలంలో అద్దాలకు బూజు పడుతుంది. సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టెలో ఉంచాలి. అద్దాన్ని చీర కొంగుతోనో చొక్కాతోనో తుడవొద్దు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి. టెలిస్కోప్‌తో సూర్యుడిని నేరుగా చూస్తే క్షణంలో కన్ను పోతుంది. గొట్టం ముందు భాగానికి గట్టిగా బిగించే సోలార్ ఫిల్టర్ ఉంటేనే చూడాలి. ఐపీస్ దగ్గర పెట్టే చిన్న నల్లగాజు వేడికి పగిలిపోవచ్చు, దాన్ని నమ్మొద్దు. పిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

తర్వాతి తేదీ 2032 నవంబర్ 13

శుక్రుడు సూర్యుడి మీదుగా మళ్లీ వెళ్లేది 2117 డిసెంబర్‌లో. 2004లో, 2012లో చూసినవాళ్లు అదృష్టవంతులు. కానీ నర్సింగరావు చూసిన రెండో రకం దృశ్యం, బుధుడు సూర్యుడిని దాటడం, మనకు అందుబాటులోనే ఉంది. అది 2032 నవంబర్ 13, శనివారం. మబ్బు లేకపోతే తెలంగాణ అంతటా మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కనిపిస్తుంది. బుధుడు చాలా చిన్న చుక్క కాబట్టి ఫిల్టర్ ఉన్న టెలిస్కోప్ కావాల్సిందే.

ఇవాళ బడికి వెళ్లే పిల్లలు అప్పటికి ఇంకాస్త పెద్దవాళ్లై ఉంటారు. సెకన్లు ఫోన్ చెప్పేస్తుంది కాబట్టి నర్సింగరావు పడ్డ గడియారం కష్టం వాళ్లకు లేదు. 4 అంగుళాల టెలిస్కోప్, సరైన ఫిల్టర్, అప్పటిదాకా నింపిన కొన్ని నోట్‌బుక్కులు ఉంటే చాలు. ఆ మధ్యాహ్నం నల్లచుక్క అంచును ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకు తాకిందో సుల్తానాబాద్ డాబా మీద నుంచి కూడా రాసి పెట్టొచ్చు.